ప్యానెల్‌తో ఒక పీరియడ్: ఎప్పుడు ఆన్ చేయాలి, ఎక్కడ ఆపాలి

మా క్లాసులో ప్యానెల్ అనే పెద్ద తెర బిగించిన కొత్తలో విద్యుత్ వలయాల మీద ఇరవై రెండు నిమిషాల వీడియో ఒకటి వేశాను. చక్కని బొమ్మలు, మంచి గొంతు. పిల్లలు కిక్కురుమనకుండా చూశారు. అంత నిశ్శబ్దంగా మా తొమ్మిదో తరగతి ఎప్పుడూ కూర్చోలేదు. అర్థమైందనుకున్నాను. మర్నాడు, బ్యాటరీకి రెండు బల్బులు వరుసగా కలిపిన బొమ్మ నోట్‌బుక్‌లో గీయమంటే నలభై మందిలో ఆరేడుగురే గీశారు. ముందురోజు నేను చూసింది శ్రద్ధ కాదని అప్పుడు తెలిసింది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టే ఇక్కడా కూర్చున్నారు.

అప్పటి నుంచి పాఠం ప్లాన్ రాసేటప్పుడు ఏం చూపించాలన్నది తర్వాత, ఎక్కడ ఆపాలన్నది ముందు రాసుకుంటున్నాను. మీ క్లాసులో ప్యానెలో, స్మార్ట్ టీవీయో, ప్రొజెక్టరో ఉండి, చేతిలో నలభై ఐదు నిమిషాల పీరియడ్ ఉంటే దాన్ని ఎలా నడపాలో ఇక్కడ వరుసగా చెబుతాను. నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

మొదట, పాఠంలో తెర అవసరమైన చోటు వెతకండి

పాఠం మొత్తం ఒకసారి చదివి, పెన్సిల్‌తో ఒక్కచోట గీత పెట్టండి. నల్లబల్ల మీద మీరు ఎంత బాగా గీసినా పిల్లవాడి కంటికి కనిపించనిది ఏది? దానికే తెర వాడండి. తీగలో ఎలక్ట్రాన్ల కదలిక, గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం, అగ్నిపర్వతం లోపల జరిగేది ఇలాంటివే. ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగే మార్పులు కూడా అంతే.

సోషల్ టీచర్లకు ఒక మంచి ఉదాహరణ ఉంది. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏటేటా ఉపగ్రహ చిత్రాలు కదులుతూ కనిపిస్తాయి. అందులో కొల్లేరు వెతికి, ఆపి ఆపి చూపించండి. సరస్సు చుట్టూ చేపల చెరువులు గళ్లు గళ్లుగా ఎలా పెరిగాయో పిల్లలు తమ కళ్లతో చూస్తారు. 2006లో ఆ చెరువుల గట్లు ఎందుకు కొట్టేశారో అప్పుడు చెప్పండి. పుస్తకంలో ఒక పేరాగా ఉండే విషయం మీద క్లాసులో వాదన మొదలవుతుంది. చెరువుల మీద బతికే కుటుంబాల పిల్లలు మీ క్లాసులో ఉంటే ఆ వాదన ఇంకా నిజంగా ఉంటుంది.

తెర అక్కర్లేని చోట్లు కూడా గుర్తుపెట్టుకోండి. లెక్క చేయడం, సూత్రం రాబట్టడం, బొమ్మ గీయడం బోర్డు మీదే చెయ్యాలి. మీ చెయ్యి కదిలే వేగంలోనే పిల్లల చెయ్యీ కదులుతుంది. తెర మీద అవన్నీ ఒక్క క్షణంలో వచ్చేస్తాయి, పిల్లవాడు వెనకబడిపోతాడు. పుస్తకంలోని పేజీనే ఫోటో తీసి తెర మీద వేయడం వల్ల లాభం లేదు. అది వాళ్ల చేతిలోనే ఉంది.

ముందురోజు సాయంత్రం చేయాల్సినవి

క్లాసులో నెట్ మీద ఆధారపడకండి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే అది ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాకు తీసుకెళ్తుంది. 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన వేదిక అది. ఆప్‌లో పాఠాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది. కోడ్ కింద ఏముందో పూర్తిగా చూశాకే క్లాసుకు తీసుకెళ్లండి. కొన్ని బాగుంటాయి, కొన్నిటిలో పుస్తకంలోని వాక్యాలనే గొంతుతో చదువుతారు. రెండో రకం వేయకండి.

సైన్స్, లెక్కలకు నేను ఎక్కువగా వాడేది ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి మార్చి చూసుకునే ప్రయోగాలు. భౌతికశాస్త్రంలో 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో వీటిని మొదలుపెట్టారు. పూర్తిగా ఉచితం. కొన్నిటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్‌ను ఒకే ఫైలుగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. ప్యానెల్‌లో ఆ ఫైలు తెరుచుకుంటుందో లేదో ముందురోజే చూడండి. తెరుచుకోకపోతే లాప్‌టాప్‌లో తెరిచి కేబుల్‌తో ప్యానెల్‌కి కలపండి. వీడియో కంటే ఇది నాకు ఎందుకు ఇష్టమంటే, దీన్ని నడిపేది పిల్లలే. "స్విచ్ తీసేస్తే ఏమవుతుంది సార్?" అని అడిగితే తీసి చూపించొచ్చు. వీడియోలో ఆ ప్రశ్నకు చోటు ఉండదు.

వీడియోనే వేయాల్సి వస్తే చిన్నది వెతకండి. 2014లో ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా జనం నిలబడి చూసేది ఆరు నిమిషాల లోపేనని తేలింది. వాళ్లంతా ఇష్టపడి చేరినవాళ్లు. మన పిల్లలకు నేను మూడు నిమిషాలు పెట్టుకున్నాను. ఆ మూడు నిమిషాల్లో కూడా రెండు చోట్ల ఆపుతాను. ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఆపాలో, ఆపి ఏమని అడగాలో ప్లాన్‌లో రాసి ఉండాలి. "1:10 దగ్గర ఆపు. ఇప్పుడు ఏమవుతుందో అడుగు." ఇంతే రాస్తాను.

తర్వాత ఆఖరి బెంచీలో కూర్చుని తెర చూడండి. కూర్చునే చూడాలి, నిలబడి కాదు. అన్నిటికంటే చిన్న అక్షరం చదవగలిగారా? కిటికీ వెలుగు పడి సగం తెర తెల్లగా అయిపోతోందా? మా క్లాసులో మధ్యాహ్నం మూడో గంటకు పడమటి కిటికీ ఎండ నేరుగా తెర మీద పడేది. పాత దుప్పటి ఒకటి అడ్డం కట్టాం, సరిపోయింది. లైట్లన్నీ ఆర్పేయకండి, పిల్లలు రాసుకోవాలి. తెర మీద చాక్‌పీసు పొడి పేరుకుంటే మెత్తని పొడిగుడ్డతో తుడవండి, నీళ్లు చల్లకండి.

క్లాసులో: రెండు బల్బుల పాఠం

ఈ పాఠాన్ని వివరంగా చెబుతాను. పద్ధతి అంతా ఇందులోనే ఉంది, మిగతా పాఠాలకు మీరే మార్చుకోవచ్చు.

మొదటి అయిదు నిమిషాలు ప్యానెల్ ఆఫ్‌లోనే ఉంచండి. బోర్డు మీద ఒక బ్యాటరీ, శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, ఒకేలాంటి రెండు బల్బులు గీయండి. ఇప్పుడు అడగండి: ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? ఒకటి, బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరున్నది. రెండు, దూరంగా ఉన్నది. మూడు, రెండూ సమానంగా. నాలుగు, రెండూ వెలగవు.

చేతులెత్తమనకండి. చేతులెత్తమంటే క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి వైపు చూసి అందరూ ఎత్తుతారు. జవాబు నంబరుకి సరిపడా వేళ్లు గుండెకు ఆనించి చూపించమనండి. పక్కవాడికి కనిపించవు, మీకు కనిపిస్తాయి. ప్రతి ఏడూ ఎక్కువ మంది ఒక వేలే చూపిస్తారు. "కరెంట్ ముందు దాని దగ్గరికి వస్తుంది కదా సార్, అది కొంత వాడేసుకుంటుంది" అంటారు. బల్బు కరెంట్‌ను తినేస్తుందన్న ఈ నమ్మకం చాలా గట్టిది. పదో తరగతి లెక్కలన్నీ సరిగ్గా చేసే పిల్లల్లో కూడా ఉంటుంది.

జవాబు చెప్పకండి. పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోమనండి. వేరే జవాబు చెప్పినవాళ్లను వెతుక్కుని ఒప్పించమనండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడుతున్న పద్ధతి ఇది. లెక్కలు చేయగలిగిన విద్యార్థులే మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నకు తప్పు చెప్పడం చూసి ఆయన ఉపన్యాసం తగ్గించి ఈ దారి పట్టారు. క్లాసులో సుమారు 30 నుంచి 70 శాతం మంది సరైన జవాబు చెప్పినప్పుడు ఈ చర్చ బాగా పని చేస్తుంది. అంతకంటే తక్కువైతే వాళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం ఇవ్వాలి. ఆ ఆధారం కోసమే ఇప్పుడు తెర.

ప్యానెల్ ఆన్ చేసి ఫెట్‌లోని సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ తెరవండి. మీరు కట్టకండి. వెనక బెంచీ నుంచి ఒకరిని పిలిచి కట్టించండి. వలయం పూర్తవగానే ఎలక్ట్రాన్లు నీలం చుక్కల్లా కదలడం మొదలవుతుంది. ఇక్కడ ఆపండి. "మొదటి బల్బుకు ముందు చుక్కల వేగం చూడండి. రెండు బల్బుల మధ్య చూడండి. చివర చూడండి." మూడు చోట్లా ఒకటే వేగం. ఎవరో ఒకరు "తగ్గట్లేదు సార్" అంటారు. ఆ మాట మీ నోటి నుంచి ముందు రాకూడదు.

ఇప్పుడు బ్యాటరీ 9 వోల్టులు, ఒక్కో బల్బు నిరోధం 10 ఓములు ఉండేలా పెట్టండి. కరెంట్ కొలిచే అమ్మీటర్ ఎంత చూపించాలో ముందు నోట్‌బుక్‌లో కట్టమనండి. ఓమ్ నియమం ప్రకారం వోల్టులను మొత్తం నిరోధంతో, అంటే 9 ని 20 తో భాగిస్తే 0.45 ఆంపియర్లు. కట్టాకే అమ్మీటర్‌ను మూడు చోట్లా పెట్టి చూపించండి, అన్ని చోట్లా అదే అంకె. ఒక బల్బు తీసేసి, ఆ చోట తీగ కలిపి, ఒకటే ఉంచితే ఎంత? 0.90. అది కూడా ముందు వాళ్లే చెప్పాలి.

రెండు జాగ్రత్తలు. సిమ్యులేషన్ ఎలక్ట్రాన్ల దిశ చూపిస్తుంది, పుస్తకంలో బాణం దానికి ఎదురుగా ఉంటుంది. పిల్లలు తప్పకుండా అడుగుతారు. ధన ధ్రువం నుంచి రుణ ధ్రువానికి వెళ్లే సంప్రదాయ ప్రవాహం చూపించే బటన్ అక్కడే ఉంది, నొక్కి తేడా చెప్పండి. రెండోది, బ్యాటరీ రెండు కొసలనూ తీగతో నేరుగా కలిపితే తెర మీద మంటలొస్తాయి. పిల్లలకు అది మహా సరదా. ఆ సరదా వెంటనే గట్టిగా చెప్పండి: ఇంట్లో గోడ సాకెట్‌లో ఉండేది 230 వోల్టులు, దాంతో ఏ ప్రయోగమూ చేయకూడదు. టార్చి సెల్స్‌తో మాత్రమే, అదీ క్లాసులోనే.

ఇక్కడికి ప్యానెల్ పని పన్నెండు నిమిషాలు దాటదు. ఆఫ్ చేయండి.

ఇప్పుడు నిజం సామాను బయటికి తీయండి. ఒకటిన్నర వోల్టు టార్చి సెల్స్ మూడు, రెండున్నర వోల్టుల పాతకాలం ఫిలమెంట్ టార్చి బల్బులు రెండు, తీగలు. ఎల్‌ఈడీలు ఈ ప్రయోగానికి పనికిరావు, వాటిలో కరెంట్ ఒక దిశలో వెళ్తేనే వెలుగుతాయి. ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు దొరకడం తగ్గింది, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి. దొరికితే ఒక డజను కొని పెట్టుకోండి.

శ్రేణిలో కలపండి. చాలాసార్లు రెండూ సమానంగా వెలగవు. ఒకటి కొంచెం ఎక్కువ వెలుగుతుంది. "చూశారా సార్, మొదటిదే ఎక్కువ!" అని ఒక మూల నుంచి అరుపు వస్తుంది. మొదటిసారి ఇలా అయినప్పుడు నేను కంగారుపడి "అది బల్బు లోపంలే" అనేసి ముందుకు వెళ్లిపోయాను. అది పొరపాటు. పాఠం నిజంగా మొదలయ్యేది ఆ అరుపు దగ్గరే. తెర ఒక మాట చెప్పింది, టేబుల్ మీద బల్బు ఇంకో మాట చెబుతోంది. ఏది నిజమో ఎలా తేల్చాలి? పిల్లలనే అడగండి. కాసేపు ఆగితే ఎవరో ఒకరు అంటారు, "బల్బులు అటుదిటు మార్చి చూద్దాం" అని.

మార్చండి. ఇందాక ఎక్కువ వెలిగిన బల్బే రెండో చోటుకు వెళ్లినా ఎక్కువే వెలుగుతుంది. తేడా బల్బుది, చోటుది కాదు. రెండు బల్బుల ఫిలమెంట్లు అచ్చం ఒకేలా ఉండవు, నిరోధంలో చిన్న తేడా ఉంటుంది. తెర మీద రెండింటికీ 10 ఓములు మనమే పెట్టాం కాబట్టి అక్కడ సమానంగా వెలిగాయి. ఈ పదిహేను నిమిషాలు ఏ వీడియో ఇవ్వలేదు. తెర లేకుండా బల్బులతోనే మొదలుపెడితే, పిల్లలు తమ తప్పు నమ్మకాన్నే రుజువు చేసుకుని ఇంటికి వెళ్లేవాళ్లు. నా అనుభవంలో ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి, ఇదే వరుసలో రావాలి.

చివరి అయిదు నిమిషాలు మళ్లీ వేళ్ల ఓటు, తర్వాత నోట్‌బుక్‌లో బొమ్మ, కింద తమ మాటల్లో రెండు వాక్యాలు. బోర్డు మీద మీరు రాయకండి. రాస్తే అందరూ అదే దింపుకుంటారు.

అందరి జవాబులూ లెక్కించాలనుకుంటే

పిల్లలకు ఫోన్లు, ట్యాబ్‌లు లేకపోయినా ఒక దారి ఉంది. ప్లికర్స్ అని కాగితం కార్డులు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో కార్డు, దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు. మీరు మీ ఫోన్ కెమెరాతో క్లాసును ఒకసారి చూపిస్తే చాలు, ఎవరు ఏం చెప్పారో వస్తుంది. కార్డులు ఒకసారి ప్రింట్ తీసి అట్టకు అతికించుకుంటే ఏడాదంతా వస్తాయి. పేర్లకు బదులు రోల్ నంబర్లు వాడండి. ఎవరి జవాబేమిటో తెర మీద చూపించకండి, మొత్తం ఎంతమంది ఏది చెప్పారో మాత్రమే చూపించండి.

కరెంట్ పోతే

ప్లాన్‌లో ప్రతి తెర పని పక్కన "లేకపోతే" అని ఒక గడి ఉంచుకోండి. రెండు బల్బుల పాఠంలో నా గడిలో ఉన్నది ఇది: పదిమంది పిల్లలు గుండ్రంగా నిలబడి తాడును చేతుల మీదుగా తిప్పుతారు, ఇద్దరు తాడును కాస్త గట్టిగా పట్టుకుంటారు. ఆ ఇద్దరి దగ్గర ఒరిపిడికి చెయ్యి వెచ్చబడుతుంది, కానీ తాడు అన్ని చోట్లా ఒకే వేగంతో కదులుతుంది. నిజం చెప్పాలంటే కొన్ని సెక్షన్లకు ఇదే ఎక్కువ ఎక్కింది. ఇప్పుడు కరెంట్ ఉన్నా దీన్నే వాడుతున్నాను.

ఇంటికి పంపే పని

2020లో స్కూళ్లు మూతపడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో, తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు వచ్చాయి. ఆ నెలల్లో ఇళ్లకు తిరిగిన ప్రతి టీచరుకూ తెలుసు, ఫోన్ ఉంది అన్న మాటకు అర్థం వేరని. ఫోన్ నాన్నది. పొద్దున ఆయనతో పాటు పనికి వెళ్తుంది, రాత్రి ఎనిమిదికి వస్తుంది. అప్పటికి డేటా అయిపోయి ఉంటుంది.

అందుకని ఏడాది మొదట్లోనే ప్రతి పిల్లవాడితో ఒక చీటీ రాయించండి: ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటుంది, డేటా ఉంటుందా. క్లాసులో నిలబెట్టి అడగకండి. లేనివాళ్లు చిన్నబోతారు, లేదా ఉందని అబద్ధం చెబుతారు. ఆ చీటీలు చూశాక, ఫోన్ ఉంటేనే చేయగలిగే హోంవర్క్ ఎప్పుడూ ఇవ్వకండి. పుస్తకంతో చేసే పని అందరికీ ఇచ్చి, ఫోన్ అదనంగా మాత్రమే ఉంచండి. ఒకే వీధిలోని నలుగురిని జట్టుగా వేస్తే ఒక్క ఫోన్ నలుగురికి సరిపోతుంది. ఆడపిల్లలున్న జట్టుకు ఎవరింట్లో కలవాలో వాళ్ల అమ్మలనే అడిగి పెట్టండి.

వీడియో లింకు కంటే మీ గొంతుతో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపండి. డేటా తక్కువ పడుతుంది, చిన్న ఫోన్‌లో కూడా వినిపిస్తుంది, తెలిసిన గొంతు. "పుస్తకం తీసి వలయం బొమ్మ చూడు. రెండో బల్బు తీసేస్తే మొదటిది వెలుగుతుందా? ఎందుకు?" అని అడిగి ఆపేయండి. జవాబు నోట్‌బుక్‌లో రాసుకుని రావాలి.

పెద్ద క్లాసుల పిల్లలు చాట్‌బాట్‌తో జవాబులు రాయించుకుని తెస్తున్నారు. తిట్టకండి. అందులోని ఒక వాక్యం చూపించి "దీన్ని బొమ్మ గీసి చెప్పు" అనండి. చెప్పగలిగితే నేర్చుకున్నట్టే. ప్రశ్నపత్రం కోసం మీరే వాడుతుంటే, తెలుగు పారిభాషిక పదాలను పాఠ్యపుస్తకంతో సరిచూడండి, తరచూ తప్పు పడుతుంటాయి.

ఫోటోలు, ఖాతాలు

క్లాస్ గ్రూపులో పిల్లల ఫోటోలు పెట్టే అలవాటు మానుకోవాలి. ముఖ్యంగా తక్కువ మార్కుల పేపర్లు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకునే సంస్థ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. కొత్త ఆప్ ఏదైనా పిల్లల ఫోన్ నంబరు, ఫోటో అడిగితే హెచ్‌ఎంతో మాట్లాడకుండా ఇవ్వకండి. ఎవరైనా పిల్లలను ఆన్‌లైన్‌లో బెదిరిస్తుంటే చైల్డ్‌లైన్ నంబరు 1098. డబ్బు మోసమైతే 1930కి చెయ్యాలి. రెండు నంబర్లూ క్లాసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

మర్నాడు, తెర ఆన్ చేయకముందు

పీరియడ్ మొదలవగానే రఫ్ నోట్‌బుక్‌లో రెండు నిమిషాలు: రెండు బల్బుల వలయం గీసి, అమ్మీటర్ ఎక్కడ పెట్టినా ఎందుకు ఒకే అంకె చూపిస్తుందో ఒక వాక్యం. పుస్తకం మూసే ఉండాలి. తిరుగుతూ చూడండి, మార్కులు వేయకండి. ఎంతమంది గీయగలిగారో డైరీలో అంకె వేసుకోండి. సగం కంటే తక్కువైతే తెర మళ్లీ ఆన్ చేయకండి, బల్బులు మళ్లీ బయటికి తీయండి. ఈసారి కలిపేది పిల్లలే.

ఆ రోజు రానివాళ్ల పేర్లు కూడా అక్కడే రాసుకోండి. కర్నూలు వైపు కోసిగి, ఆదోని ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాలతో పాటు పిల్లలూ వెళ్లిపోతారు. అలాంటి ఊళ్లలో పని చేసేవాళ్లు ఆ పిల్లలు బయల్దేరే ముందే ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, ఏ సమయానికి ఫోన్ చేస్తే మాట్లాడగలరో రాసి పెట్టుకోండి. పుస్తకాలు వెంట తీసుకెళ్లమని చెప్పండి. వారానికి ఒక వాయిస్ మెసేజ్, పేజీ నంబరుతో, ఒకే ఒక్క ప్రశ్నతో పంపండి. ఆదివారం రాత్రి ఎనిమిది తర్వాత మీరే ఫోన్ చేసి ఆ జవాబు వినండి.